చింతపండుతో తోమిన తూకపురాళ్ళు

ఆ గదిలో గాలి కూడా మెల్లగా అడుగు వేయాలి. ల్యాబులో చేరిన మొదటి రోజు నాకు చెప్పిన మాట అదే. ఫ్యాను వేయకూడదు, తలుపు దభాలున మూయకూడదు, అద్దాల పెట్టెలో ఉన్న తూకం మీద పని జరుగుతుంటే బల్లకు ఆనుకోకూడదు. ఇన్ని కూడదుల మధ్య పద్దెనిమిదేళ్ళు చీపురు పట్టాను. మీరు ఇప్పుడు తెల్లకోటు వేసుకుని అలాంటి గదుల్లోకి పోతున్న పిల్లలు. మీకు చదువుంది. నాకు సంతకం వచ్చు, అంకెలు వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటే వస్తుంది. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. దుమ్ము తిన్న గొంతు నాది, మాట మాటకీ ఏందీ ఏందీ అని అడుగుతోంది. అయినా చెబుతాను. ఆ గదిలో నేను చేసిన తప్పు ఒకటుంది. అది మీకు పనికొస్తుంది.

మాది మాచర్ల దారిలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ. దానికి సున్నపురాయి తవ్వే క్వారీలో మా ఆయన పనిచేసేవాడు. ఒకరోజు పైనుంచి రాతిపలక జారింది. పదకొండుకని కొందరన్నారు, పదకొండున్నర దాటాకని కొందరన్నారు. గడియారం చూసుకున్న మనిషి ఒక్కడూ లేడు. ఆ అరగంటలో నేను ఏం చేస్తున్నానో, చేటలో కందులు చెరుగుతున్నానో, పంపు దగ్గర ఎవరితోనో నవ్వుతున్నానో అని ఏళ్ళ తరబడి వెతుక్కున్నాను. ఏటా ఆయన తిథినాడు దీపం చేతబట్టుకుని పదకొండుకు వెలిగించనా, పదకొండున్నరకు వెలిగించనా అని నిలబడిపోయేదాన్ని.

ఆయన పోయిన నాలుగో నెలలో ఫ్యాక్టరీవాళ్ళు పిలిచి ల్యాబులో పనిచ్చారు. తుడవడం, గాజు సామాను కడగడం, సిమెంటు దిమ్మల్ని నీళ్ళతొట్టిలోకి దించడం, టీ పెట్టడం. బయట అంతా తెల్లదుమ్ము. చెట్లు తెలుపు, కుక్కలు తెలుపు, షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ కనురెప్పలు తెలుపు. ఎండలో వాళ్ళు గేటు వైపు నడిచిపోతుంటే ఎవరి కలలోంచో బయటికి పోతున్నట్టు ఉండేది. తూకాల గదిలోకి వస్తే మాత్రం చల్లగా, చప్పుడు లేకుండా, బావి అడుగున కూర్చున్నట్టు ఉండేది. నాకు ఆ గది నచ్చింది. ఏడవడానికి కూడా అక్కడ నోరు రాదు.

ఆ గది ఒక కెమిస్టు అమ్మాయి చేతిలో ఉండేది. నరసరావుపేట పిల్ల, నన్ను పిన్నీ అని పిలిచేది. పొద్దున్నే వచ్చి చెప్పులు విడిచి, ఒక పెట్టె తాళం తీసేది. పెట్టె లోపల నీలం మఖమలు, మఖమల్లో గుంటలు, గుంటల్లో ఐదు ఇత్తడి తూకపురాళ్ళు. రాళ్ళంటున్నానని నవ్వకండి, కిరాణా కొట్లో ఇనపగుండును కూడా మేము రాయి అనే అంటాం. ఐదింటిలో పెద్దది రెండువందల గ్రాములది. కొసకు తోలు తొడిగిన పటకారుతో దాన్ని ఎత్తి తూకంలో పెట్టి, అద్దం జరిపి, ఊపిరి బిగబట్టేది. అంకెలు ఒణికి ఒణికి నిలబడేవి. రిజిస్టరులో రాసుకుని, రాయిని మళ్ళీ గుంటలో పడుకోబెట్టేది. చంటిబిడ్డను ఉయ్యాల్లో వేసినంత పదిలంగా.

వాటితో సరుకేమీ తూచరేం అని ఒకరోజు అడిగాను. సరుకు తూచడానికి కాదంది. తూకం నిజం చెబుతోందో లేదో కనుక్కోవడానికి అవి ఉన్నాయంది. చేత్తో ముట్టుకోకూడదని, వేలి చెమట అంటినా బరువు మారుతుందని చెప్పింది. నా బుర్రలో అందులో సగమే నిలిచింది. చేత్తో ముట్టుకోకూడదు.

ఇక దసరా సంగతి. మా ఫ్యాక్టరీలో ఆయుధపూజ బాగా చేస్తారు. క్వారీలో లారీల దగ్గర్నుంచి ల్యాబులో దిమ్మల్ని నలగ్గొట్టే మిషను దాకా అన్నిటికీ పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ముందురోజు వాటన్నిటినీ తుడిచేది నేనే. పూజ దీపాలు, పళ్ళేలు తోమేది నేనే. కుంకుమ పళ్ళెం మాత్రం నా చేతికి వచ్చేది కాదు. ఎవరూ కసరలేదు, పోవే అనలేదు. పళ్ళెం వరసలో నా దాకా వచ్చేసరికి కొంచెం పక్కకు తిరిగేది, అంతే. మొగుడు పోయినదానికి కుంకుమతో పనేముందని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. ఏ ఏడాదీ ఆ మాట పైకి రాలేదు.

ఆ ఏడాది కెమిస్టు అమ్మాయి పండగకని ముందే ఊరెళ్ళింది. వెళుతూ వెళుతూ, అన్నిటికీ బొట్లు పెట్టుకోండి, నీలం పెట్టె జోలికి మాత్రం పోవద్దు అని అందరికీ చెప్పింది. పండగ ముందురోజు సాయంత్రం నాలుగున్నరకు అందరూ క్వారీ వైపు పూజకు పోయారు, ల్యాబులో పూజ మర్నాడు. నేను గిన్నెలో చింతపండు నానేసుకుని, ఇటికపొడి దగ్గర పెట్టుకుని దీపాలు తోముతున్నాను. కిటికీలోంచి పొద్దు పచ్చగా పడుతోంది. ఆ వెలుగులో దుమ్ము మెల్లగా పైకి లేచి, కిందికి దిగడం మరిచిపోయినట్టు నిలబడింది. మిషన్లన్నీ మర్నాటికి సిద్ధంగా, పెళ్ళివారిలా ఉన్నాయి. పెట్టె ఒక్కటే మూలన ఉంది.

దాన్ని ఎందుకు తెరిచానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. తాళంచెవి సొరుగులో ఉంటుందని తెలుసు, తీశాను. ఐదు రాళ్ళూ మసకబారి ఉన్నాయి. రోజూ చూసేవే, ఆ పూట మాత్రం ఇంటినిండా చుట్టాలున్నప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడిపోయిన మనిషిలా కనబడ్డాయి. గిన్నెలో చింతపండు మిగిలింది. చేతికి గుడ్డ చుట్టుకున్నాను. చేత్తో ముట్టుకోకూడదన్నారు కదా, ఆ మాట తప్పలేదు నేను. గుడ్డతో పట్టుకుని, పీచుతో, ఇటికపొడి అద్ది, ఒక్కోదాన్ని తోమాను. కడిగాను. మెత్తటి గుడ్డతో తుడిచాను. అబ్బ, ఏం మెరుపు. ఒక్కోదానికీ చిటికెడు పసుపు, దాని మీద కుంకుమ. కాసేపు వాటిముందు కూర్చున్నాను. కుంకుమ పెట్టి ఎన్నేళ్ళయిందో, వేలు ఎర్రగా ఉంటే నా వేలులా అనిపించలేదు. తర్వాత భయమేసి అంతా తుడిచేసి, గుంటల్లో పడుకోబెట్టి తాళం వేశాను.

పండగ సెలవులయ్యాక కెమిస్టు అమ్మాయి వచ్చింది. పెట్టె తెరిచి, ఇవేంటి ఇంత మెరుస్తున్నాయి అంది. తూకాలూ మిషన్లూ చూసే టెక్నీషియను పక్కనే ఉన్నాడు. రాజుపాలెం వైపువాడు, కాంట్రాక్టు మనిషి. నన్ను అత్తా అని పిలిచేవాడు, నోటికి అదుపు లేదు.

"పండగ్గదా మేడమ్, అయ్యీ తలంటు పోసుకున్నయ్" అన్నాడు.

ఆమె నవ్వింది. అతనే ఏదో మందుతో తుడిచి ఉంటాడనుకుంది. నేను నేల తుడుస్తూ తల ఇంకొంచెం కిందికి వంచాను.

ఆ పొద్దున రెండువందల రాయిని పెడితే తూకం రెండువందలు చూపించలేదు. చివరి అంకెల్లో తక్కువొచ్చింది. ఉప్పురవ్వలు కొన్ని రాలిపోయినంత. నాలుగు రోజులు కరెంటు ఆపి ఉంచాం కదా, తూకమే పక్కకు పోయి ఉంటుందనుకున్నారు. టెక్నీషియను ఆ రాయినే పెట్టి మీటలు నొక్కి, ఇదిగో రెండువందలంటే ఇది అని తూకానికి కొత్తగా నేర్పాడు. అబద్ధం చెబుతున్నది రాయేనని ఎవరికి తోస్తుంది? పటకారుతో ఎత్తి, మఖమల్లో పడుకోబెట్టిన రాయి అది. మిషను మీదికే పోతుంది అనుమానం.

ఆ తర్వాత అన్నీ మామూలుగానే జరిగాయి. అంకెలు పొద్దున్నే ఒణికి నిలబడుతున్నాయి, రిజిస్టరు నిండుతోంది. నేను కూడా మరిచిపోయాను. కార్తీకం చలి మొదలయ్యాక కాలిబ్రేషన్ ఆయన వచ్చాడు. ఏడాదికోసారి హైదరాబాదు నుంచి వచ్చి తూకాలను పరీక్షించి కాగితం ఇచ్చేవాడు. పెద్దవయసు, సన్నటి మనిషి, గుసగుసలాంటి గొంతు. తన రాళ్ళ పెట్టె తెరిచి పెట్టి, ఏమీ చేయకుండా మధ్యాహ్నం దాకా ఊరకే కూర్చున్నాడు. రాళ్ళు గది చల్లదనానికి అలవాటు పడాలట. కొత్తకోడలు అత్తగారింటికి అలవాటు పడ్డట్టా అని అడిగితే, అంతే అమ్మా అన్నాడు.

తర్వాత తన రాయిని తూకంలో పెట్టాడు. ఎక్కువ చూపించింది. తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఎక్కువే. ఐదుసార్లు పెట్టాడు. ఆఖరికి మా పెట్టె తెప్పించి, మా రాయినీ తన రాయినీ ఒకదాని తర్వాత ఒకటి తూచి, మా రాయిని పటకారుతో కిటికీ దగ్గరికి తీసుకుపోయి వెలుతురులో తిప్పి చూశాడు. "ఎవరో దీన్ని తోమారు" అన్నాడు.

ల్యాబు పెద్దసారును పిలిచారు. మంచివాడే, కానీ ఆడిట్ పేరు వింటే చెమటలు పట్టే మనిషి. పండగ దగ్గర్నుంచి నెలన్నర పాటు ఆ తూకం మీద తూచినదంతా అనుమానంలో పడిందని కాలిబ్రేషన్ ఆయన రిజిస్టరు తిరగేసి చెప్పేసరికి ఆయన ముఖం తెల్లబడింది. ఎవరు ముట్టుకున్నారని అడిగాడు. కెమిస్టు అమ్మాయి టెక్నీషియను వైపు చూసింది. తలంటు మాట గుర్తొచ్చింది ఆమెకు. అతను అది ఉత్త హాస్యమని, తను ముట్టుకోలేదని మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. నమ్మడానికి లేకుండా రోజూ ఏదో ఒక హాస్యం ఆడేవాడు మరి. పెద్దసారు అతని గేటుపాసు అడిగి తీసుకుని బల్లమీద పెట్టుకున్నాడు. రేపట్నుంచి రావద్దన్నాడు. అప్పటికి అతని భార్య నరసరావుపేట ఆసుపత్రిలో కని పది రోజులు కాలేదు.

నేను టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. అన్నీ విన్నాను. నోరు తెరవలేదు. పళ్ళెం అక్కడ పెట్టి, గ్లాసులు కడిగే మిషతో వెనక్కి పోయాను. దాచుకోకుండా చెబుతున్నాను, గ్లాసులు మూడేసిసార్లు కడిగాను. ఈ పని పోతే నాకు మా ఆయన పేరుతో ఫ్యాక్టరీవాళ్ళు ఇచ్చిన, నేనుండే గది కూడా పోతుంది. కిటికీలోంచి చూస్తే టెక్నీషియను నీళ్ళతొట్టి గట్టుమీద కూర్చుని, తొట్టిలో నానుతున్న దిమ్మల్ని చూస్తున్నాడు.

ఖాళీ గ్లాసు కోసం మళ్ళీ తూకాల గదిలోకి పోయాను. కాలిబ్రేషన్ ఆయన ఒక్కడే ఉన్నాడు. నాకెందుకు బుద్ధి పుట్టిందో, మీ రాయి మాత్రం నిజమని ఎట్టా తెలుసయ్యా అని అడిగాను. ఆయన కోప్పడలేదు. ఆ ప్రశ్న అడిగినవాళ్ళు తక్కువ అన్నట్టు చూసి, కుర్చీ ఇటు తిప్పుకుని చెప్పాడు. తన రాయిని హైదరాబాదులో ఇంకా నిక్కమైన రాయి పక్కన పెట్టి తూచారట. ఆ రాయిని ఢిల్లీలో ఉన్న రాయితో. ఢిల్లీ రాయి కూడా తన సంగతి తను చెప్పుకుంటే చెల్లదు, సముద్రం అవతలి వాళ్ళతో సరిచూసుకోవాల్సిందే. అలా ఒకదాని చేయి ఒకటి పట్టుకుని, ఆ చివర్నుంచి ఈ గది దాకా నడిచి వస్తాయట.

ఆయన చెబుతుంటే నాకు కళ్ళముందు కనబడింది. రాత్రీ పగలూ లేని ఒక పొడుగాటి బాట. దానిమీద ఇత్తడి రాళ్ళు, ఉక్కు రాళ్ళు, బిడ్డల్లా చేతులు పట్టుకుని, సముద్రం దాటి, కృష్ణ దాటి, తెల్లదుమ్ములోంచి మా ఊరి వైపు వస్తున్నాయి. ఆ వరసలో ఆఖరున మా నీలం పెట్టె ఉంది.

"మధ్యలో ఒకటి చెయ్యి వదిలేస్తే?" అన్నాను.

"అక్కడి నుంచి ఇవతలివన్నీ ఉత్త లోహం ముక్కలే అమ్మా" అన్నాడు. "ఇత్తడిని తోమితే పోయేది మురికి ఒక్కటే కాదు. దాని ఒళ్ళు కూడా కొంచెం పోతుంది."

గ్లాసు అక్కడే వదిలేశాను. తిన్నగా పెద్దసారు గదిలోకి పోయాను. కెమిస్టు అమ్మాయి అక్కడే నిలబడి ఉంది.

"సారూ, ఆ పిల్లోడు కాదు. నేను తోమా" అన్నాను.

"ఏంది?" అన్నాడు పెద్దసారు.

"రాళ్ళు. చింతపండేసి తోమా. ఇటికపొడి కూడా."

పెద్దసారు లేచి నిలబడ్డాడు. పద్దెనిమిదేళ్ళలో ఆయన నన్ను ఏమే అన్నది ఆ ఒక్కసారే. "ఏమే, నీకు బుద్ధుందా? ముట్టుకోవద్దని చెప్పలా?"

"చేత్తో ముట్టుకోలా సారూ. గుడ్డ చుట్టుకున్నా."

"అసలు ఎందుకు తోమావ్? ఎవురు తోమమన్నారు?"

దీనికి నా దగ్గర ఉన్నది ఒక్క మాట. అది ఇంతమందిలో అనే మాట కాదు. అయినా అదే వచ్చింది.

"అన్నిట్కీ బొట్లు పెట్టారు సారూ. వాటికెవురూ పెట్టలా."

కెమిస్టు అమ్మాయి నా ముఖం వంక చూసింది, తర్వాత నా నుదురు వంక చూసింది, తర్వాత తల దించుకుంది. పెద్దసారు కూర్చున్నాడు. అంతలో కాలిబ్రేషన్ ఆయన కాగితం, పెన్ను పట్టుకుని వచ్చాడు. గోడకు అవతలి నుంచే విన్నట్టున్నాడు. తిట్టలేదు, నవ్వలేదు. చింతపండు ఎంత అని అడిగాడు. నిమ్మకాయంత అన్నాను. ఎంతసేపు? రెండు దీపాలు తోమినంతసేపు. ఐదూ తోమానా? తోమాను, చిన్నది జారిపోతుంటే దాన్ని రెండుసార్లు తోమాను. ఒక్కొక్కటీ రాసుకున్నాడు. నా మాట కాగితం మీదికి ఎక్కడం అదే మొదటిసారి. క్వారీలో మా ఆయన పోయినప్పుడు ఎందరో వచ్చి ఏమేమో రాసుకుపోయారు గానీ, నన్ను అడిగి రాసింది ఒక్క ముక్క లేదు.

గేటుపాసు టెక్నీషియను చేతికి తిరిగి వచ్చింది. నాకు మెమో వచ్చింది, సంతకం పెట్టాను. పని తీసేయలేదు. ఎందుకు తీసేయలేదో పెద్దసారు చెప్పలేదు. కెమిస్టు అమ్మాయి ఆయన గదిలో చాలాసేపు ఉండి వచ్చిందని మాత్రం తెలుసు.

శిక్షంటే శిక్ష తర్వాత పడింది. తూచిన ప్రతి సరుకులోనూ కొంత పొట్లం కట్టి మూలగదిలో దాస్తారు. ఆ నెలన్నర పొట్లాలన్నీ మోసుకొచ్చి ఇచ్చాను. సరిచేసిన తూకం మీద వాళ్ళు మళ్ళీ తూచారు. పొద్దున పోతే పొద్దు గూకేదాకా అదే పని. ఒక్కో పొట్లం విప్పుతుంటే పక్కనే నిలబడి చూసేదాన్ని. ఈ సిమెంటు ఏ వంతెనలోకి పోయిందో, ఏ బడి కప్పులోకి పోయిందో. చివరికి తేడా ఉంది గానీ, వెళ్ళిన సరుకు వెనక్కి పిలవాల్సినంత తేడా ఏదీ రాలేదు. నా చింతపండుకు ఏ వంతెనా కూలలేదు. అది మన అదృష్టం పిన్నీ, మన పనితనం కాదు అంది కెమిస్టు అమ్మాయి. ఆ మాట మీరు కూడా గుర్తుపెట్టుకోండి. టెక్నీషియను మాత్రం నేను రిటైరయ్యేదాకా వదల్లేదు. గదిలోకి అడుగు పెడితే చాలు, అత్తా, కొంగులో చింతపండేమన్నా ఉందా, చూపియ్ అనేవాడు.

రాళ్ళు హైదరాబాదు పోయి సంక్రాంతి దాటాక తిరిగొచ్చాయి. పారేస్తారనుకున్నాను. పారేయలేదు. కొత్త కాగితం వచ్చింది వాటితో. కెమిస్టు అమ్మాయి దాన్ని నాకు చదివి వినిపించింది. పెద్దరాయి ఇప్పుడు రెండువందలు కాదట. దానికి కొంచెం తక్కువ. ఎంత తక్కువో అంకె వేసి రాశారు. ఇకమీదట దాన్ని ఆ బరువుగానే లెక్కలోకి తీసుకుంటారట. తరిగింది కదా, ఇంకా పనికొస్తుందా అన్నాను. తరిగినందుకు పనికిరాకుండా పోదు పిన్నీ, ఎంత తరిగిందో తెలియకపోతేనే పనికిరాదు అంది.

ఆ అంకె పక్కన ఇంకో చిన్న అంకె ఉంది. దాని ముందు కూడిక గుర్తూ తీసివేత గుర్తూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. అదేమిటన్నాను. ఎంత జాగ్రత్తగా తూచినా, ఇంతకు అటూ ఇటూగా మాకు తెలియదని రాసిన అంకె అంది. తెలియనిదాన్ని కూడా తూచి రాస్తారా అన్నాను. రాయకపోతే ఆ కాగితం చెల్లదు అంది.

ఆ రోజు ఇంటికి నడిచి పోతూ అదే ఆలోచించాను. దారిపొడుగునా తెల్లదుమ్ము, అడుగు వేస్తే చప్పుడు లేదు. ఆ ఏడాది ఆయన తిథికి గడియారం చూస్తూ నిలబడలేదు. పదకొండు దాటాక, పదకొండున్నర లోపు, పొయ్యి మీద అన్నం దించి చేయి తుడుచుకుని దీపం వెలిగించాను. నాకు తెలియనిది అరగంట. అంతకంటే ఎక్కువ కాదు.

మళ్ళీ దసరా వచ్చింది. ఈసారి కెమిస్టు అమ్మాయి పూజ అయ్యేదాకా ఊరికి పోలేదు. ముందురోజు నేను దీపాలు తోముతుంటే పెట్టె తాళంచెవి తన మెడలో వేసుకుని తిరిగింది, నాకు నవ్వొచ్చింది. పూజరోజు పళ్ళెం వరసలో వచ్చింది. మిషన్లన్నిటికీ పెట్టారు. నా దాకా వచ్చేసరికి అలవాటుగా పక్కకు తిరగబోయింది. ఆ అమ్మాయి పళ్ళెం అందుకుని నా ముందు పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తున్నారు. పెద్దసారు బంతిపూల దండ సర్దుతున్నట్టు గోడవైపు తిరిగాడు.

"పెట్టు పిన్నీ" అంది. "మూతకి. లోపలియి ముట్టుకున్నావంటే నేనే మెమో ఇస్తా."

నీలం మఖమలు లోపల తాళం కింద పడుకుని ఉంది. నేను పసుపు రాసి, కుంకుమలో వేలు అద్ది మూతమీద పెట్టాను. బొట్టు నడిమధ్యన పడలేదు, కొంచెం పక్కకు పడింది. టెక్నీషియను వంగి చూశాడు. ఏదో అనబోతున్నాడని అందరం అతని నోటివైపు చూశాం.

"అటో ఇటో, పర్లేదులే అత్తా" అన్నాడు.

ఎవరూ దాన్ని దిద్దలేదు.